ఇంట్లో మీడియా సర్వర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోన్‌లో తీసిన వీడియోను టీవీలో చూడాలంటే పెన్‌డ్రైవ్ కోసం వెతుక్కునే ఇళ్ల కోసం ఈ పేజీ. కొన్నేళ్లుగా మా ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్‌ను సర్వర్‌గా నడుపుతున్నాను. చూసినవాళ్లు తమ ఇంట్లోనూ పెట్టుకుంటామంటూ అడిగిన ప్రశ్నలే ఇక్కడ ఉన్నాయి. కొన్నింటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు, కొన్నింటికి కాస్త ఓపిక కావాలి.

అసలు మీడియా సర్వర్ అంటే ఏమిటి?

ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక కంప్యూటర్, దానికి ఒక హార్డ్ డిస్క్. మీ సినిమాలు, పాటలు, ఫోటోలు, స్కాన్ చేసిన కాగితాలు అన్నీ అందులో ఉంటాయి. టీవీ, ఫోన్, ట్యాబ్, ల్యాప్‌టాప్ ఇంటి వైఫై మీదుగా వాటిని అందుకుంటాయి. ఫైలు ఒక్కచోటే ఉంటుంది, ఏ గదిలో ఉన్నవాళ్లైనా చూసుకోవచ్చు.

ఇందులో నిజానికి రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి ఫైల్ షేరింగ్: డిస్క్‌లోని ఫోల్డర్లను ఉన్నవి ఉన్నట్టు అన్ని పరికరాలకూ చూపించడం. ఫైలు కాపీ చేసుకోవడం, పెట్టడం, తీసేయడం అంతా దీంతోనే. రెండోది స్ట్రీమింగ్: పోస్టర్లతో, వివరాలతో సినిమాలను వరసగా పేర్చి, ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకుని, టీవీలో నొక్కగానే ఆడించడం. ఒకే మెషిన్ రెండూ చేస్తుంది, కానీ సాఫ్ట్‌వేర్ వేరు. ఈ తేడా మొదట్లోనే పట్టుకుంటే తర్వాత సగం గందరగోళం తప్పుతుంది.

దీనికి ఇంటర్నెట్ కావాలా? డేటా అయిపోతుందా?

వద్దు, అయిపోదు. సర్వర్ నుంచి రూటర్‌కి, రూటర్ నుంచి టీవీకి, అంతా ఇంట్లోనే జరుగుతుంది. మొదటిసారి ఇన్‌స్టాల్ చేయడానికి, సినిమాల పోస్టర్లు తెచ్చుకోవడానికి, అప్‌డేట్లకి మాత్రమే ఇంటర్నెట్ ఉండాలి. లైన్ పోయిన రోజు కూడా మా టీవీలో సినిమా ఆడుతుంది.

కొత్త మెషిన్ కొనాలా?

ముందే కొనకండి. ఇంట్లో పక్కన పెట్టేసిన ల్యాప్‌టాప్ ఉంటే దానితో మొదలుపెట్టండి. స్క్రీన్ పగిలినా, కీబోర్డులో రెండు మీటలు పనిచేయకపోయినా ఫర్వాలేదు. నాలుగు జీబీ ర్యామ్, నెట్‌వర్క్ కేబుల్ పెట్టే చోటు ఉంటే చాలు. రెండు మూడు నెలలు వాడితే మీ ఇంటికి నిజంగా ఏం కావాలో మీకే తెలుస్తుంది. అప్పుడు కొంటే సరైనదే కొంటారు.

ల్యాప్‌టాప్‌తో రెండు జాగ్రత్తలు. మూత మూసినా నిద్రలోకి పోకుండా సెట్టింగ్ మార్చాలి. అలాగే ఏడాది పొడవునా చార్జర్ పెట్టి ఉంచితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సదుపాయం మీ మోడల్‌లో ఉంటే తప్పకుండా ఆన్ చేయండి. ఇప్పటికే ఉబ్బిన బ్యాటరీ ఉంటే దాన్ని తీయించే దాకా ఆ ల్యాప్‌టాప్‌ను ఇందుకు వాడకండి.

అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై గురించి చాలామంది అడుగుతారు. ఫైల్ షేరింగ్‌కి అది బాగుంటుంది. 2019లో వచ్చిన పై 4 నుంచి పూర్తి గిగాబిట్ నెట్‌వర్క్, యూఎస్‌బీ 3 రెండూ ఉన్నాయి. అయితే వీడియోను అప్పటికప్పుడు వేరే ఫార్మాట్‌లోకి మార్చే పనికి అది సరిపోదు. పై 5లో అందుకు కావాల్సిన హార్డ్‌వేర్ ఎన్‌కోడరే లేదు. ఆ పని అవసరమైతే ఇంటెల్ ఎన్100 లాంటి చిన్న ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ మంచి ఎంపిక. నాస్ పెట్టెలు, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచడానికే తయారైన పెట్టెలు కూడా అమ్ముతారు. డిస్కులు పెట్టుకోవడానికి అరలు, వాటితోనే వచ్చే సాఫ్ట్‌వేర్ ఉండటం వల్ల శ్రమ తక్కువ, ఖర్చు ఎక్కువ.

రూటర్ వెనకాల ఉన్న యూఎస్‌బీ పోర్టుకి డిస్క్ తగిలిస్తే సరిపోదా అంటే, పాటలకీ చిన్న వీడియోలకీ సరిపోతుంది. పెద్ద ఫైళ్లకి చాలా రూటర్లలో వేగం చాలదు.

రోజంతా ఆన్‌లో ఉంటే కరెంటు ఎంత కాలుతుంది?

లెక్క సులభం. పది వాట్లు తీసుకునే మెషిన్ ఏడాదంతా నడిస్తే దాదాపు 88 యూనిట్లు. ఖాళీగా ఉన్న ల్యాప్‌టాప్ గానీ మినీ పీసీ గానీ సుమారు అంతే తీసుకుంటుంది. పాత డెస్క్‌టాప్ అయితే ఖాళీగా ఉన్నప్పుడే 60 వాట్లు లాగొచ్చు. అంటే ఏడాదికి 525 యూనిట్ల పైమాట. ఊరికే దొరికిన డెస్క్‌టాప్ చివరికి కరెంటు బిల్లులో ఖరీదు కట్టిస్తుంది. అందుకే నేను ల్యాప్‌టాప్ వైపే మొగ్గుతాను.

జెల్లీఫిన్, ప్లెక్స్, ఎంబీ, కోడి... ఏది పెట్టుకోవాలి?

ఈ స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్లలో నా సలహా జెల్లీఫిన్. పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్, అకౌంట్ తెరవాల్సిన పని లేదు. ఎంబీ తన సోర్స్ కోడ్‌ను మూసేసుకున్నప్పుడు, 2018 చివర్లో, దాని పాత కోడ్ నుంచి కొందరు స్వచ్ఛందంగా విడదీసి మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. ఇన్‌స్టాల్ చేశాక బ్రౌజర్‌లో సర్వర్ చిరునామా, పక్కన 8096 అనే పోర్ట్ నంబర్ కొడితే సెటప్ పేజీ వస్తుంది. సినిమాలు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో చూపిస్తే మిగతాది అదే చేసుకుంటుంది.

ప్లెక్స్ చూడటానికి అందంగా ఉంటుంది, దాదాపు ప్రతి టీవీకీ యాప్ ఉంది. కానీ ప్రాసెసర్‌లోని వీడియో హార్డ్‌వేర్‌ను వాడుకోవాలంటే డబ్బు కట్టాలి. 2025 ఏప్రిల్ నుంచి ఇంటి బయట ఉండి మీ సొంత వీడియోలు చూడటానికి కూడా చందా అడుగుతోంది. టీవీలో జెల్లీఫిన్ యాప్ దొరకనివాళ్లకి, ఇంట్లో అందరూ సులువుగా వాడాలనుకునేవాళ్లకి ప్లెక్స్ కూడా మంచిదే.

కోడి సర్వర్ కాదు, ప్లేయర్. టీవీకి కలిపిన పెట్టెలో ఉండి షేర్ చేసిన ఫోల్డర్ నుంచి నేరుగా ఆడిస్తుంది. ఒక్క టీవీయే ఉన్న ఇంటికి కోడి, ఒక షేర్డ్ ఫోల్డర్ ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

టీవీలో డీఎల్ఎన్ఏ అని కనిపిస్తోంది. అదేమిటి?

యాప్ లేకుండానే టీవీ సర్వర్‌ను గుర్తుపట్టేలా 2003లో ఏర్పడిన కంపెనీల కూటమి తయారుచేసిన పద్ధతి. ఆ కూటమి 2017లో రద్దయింది గానీ పద్ధతి ఇంకా చాలా టీవీల్లో పనిచేస్తోంది. పాత టీవీకి ఇదే దారి. పోస్టర్లు, సబ్‌టైటిల్స్ విషయంలో పెద్దగా ఆశించకండి.

విండోస్ చాలా, లినక్స్ నేర్చుకోవాలా?

విండోస్‌తో మొదలుపెట్టొచ్చు. స్లీప్ ఆపేయండి, అప్‌డేట్ తర్వాత దానంతట అదే రీస్టార్ట్ అయ్యే సమయాన్ని రాత్రికి మార్చండి. నెలల తరబడి ముట్టుకోకుండా నడవాలంటే మాత్రం లినక్స్ రకాలైన డెబియన్ గానీ ఉబుంటు గానీ మేలు. కమాండ్లంటే టెన్షన్ పడేవాళ్లకి ఓపెన్‌మీడియావాల్ట్ ఉంది. అది డెబియన్ మీదే నడుస్తుంది, పనులన్నీ బ్రౌజర్‌లోనే చేసుకోవచ్చు.

సినిమా మధ్యమధ్యలో ఆగిపోతోంది. ఎందుకు?

ఎక్కువమంది అడిగేది ఇదే. కారణాలు దాదాపు ఎప్పుడూ రెండే: వైఫై, లేదా ట్రాన్స్‌కోడింగ్. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, మందు మాత్రం వేరు.

ట్రాన్స్‌కోడింగ్ అంటే ఏమిటో ముందు చెబుతాను. వీడియోను కుదించి దాచే ఫార్మాట్లు చాలా ఉన్నాయి. మీ ఫైలు హెచ్ఈవీసీ అనే ఫార్మాట్‌లో ఉంది, మీ టీవీకి హెచ్.264 అనేది మాత్రమే తెలుసు అనుకోండి. అప్పుడు సర్వర్ ఆ సినిమాను అప్పటికప్పుడు విప్పి, టీవీకి తెలిసిన రూపంలో మళ్లీ చుట్టి పంపాలి. ప్రాసెసర్‌కి ఇది చాలా బరువైన పని. పాత ల్యాప్‌టాప్ ఇక్కడే చతికిలబడుతుంది. టీవీకి ఫైలు ఉన్నదున్నట్టు అర్థమైతే సర్వర్ చేసేది కేవలం ఫైలును అందించడమే. దీన్నే డైరెక్ట్ ప్లే అంటారు. అప్పుడు ఎంత బలహీనమైన మెషిన్ అయినా సరిపోతుంది.

కాబట్టి సినిమా ఆగుతున్నప్పుడు జెల్లీఫిన్ డాష్‌బోర్డ్ తెరిచి చూడండి. ఎవరు ఏం చూస్తున్నారో, అది డైరెక్ట్ ప్లేనా ట్రాన్స్‌కోడా అన్నది అక్కడే రాసి ఉంటుంది, కారణంతో సహా. ట్రాన్స్‌కోడ్ అని ఉంటే ప్రాసెసర్‌ను మార్చే ముందు టీవీ వైపు ఆలోచించండి. టీవీలోని యాప్ బదులు అన్ని ఫార్మాట్లూ తెలిసిన ఒక చిన్న స్ట్రీమింగ్ స్టిక్ పెడితే చాలాసార్లు సమస్య అక్కడితో తీరిపోతుంది. ట్రాన్స్‌కోడింగ్ తప్పనిసరైతే సర్వర్‌లో ఇంటెల్ క్విక్‌సింక్, అంటే ఆ పని కోసమే ప్రాసెసర్‌లో ఉండే భాగం, ఉందేమో చూడండి. 2011 నుంచి వచ్చిన చాలా ఇంటెల్ ప్రాసెసర్లలో ఉంటుంది. పది బిట్ల హెచ్ఈవీసీ కూడా కావాలంటే ఏడో తరం, ఆపైన ఉన్నవి చూసుకోవాలి. సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చేయడం మర్చిపోతారు చాలామంది.

డైరెక్ట్ ప్లే అని ఉండి కూడా ఆగుతోందంటే వైఫై సంగతి. మామూలు ఫుల్ హెచ్‌డీ ఫైలుకి సెకనుకి పది మెగాబిట్ల లోపే చాలు. బ్లూరే నుంచి నేరుగా తీసినదైతే వీడియోకే 40 దాకా పోతుంది. 4కే డిస్క్ అయితే గరిష్ఠంగా 128 వరకూ. ఇక్కడ ఒక విచిత్రం ఉంది: చాలా టీవీల్లో నెట్‌వర్క్ కేబుల్ పోర్టు 100 మెగాబిట్లదే. అందుకని కేబుల్ పెట్టినా 4కే సినిమా కొన్ని సీన్ల దగ్గర ఆగొచ్చు, అదే టీవీలో 5 గిగాహెర్ట్జ్ వైఫైతో సాఫీగా ఆడొచ్చు. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది కానీ వేగం తక్కువ.

ఒక్కటి మాత్రం తప్పకుండా చేయండి. సర్వర్‌కి, రూటర్‌కి మధ్య కేబుల్ వేయండి. సర్వర్ కూడా వైఫై మీదే ఉంటే ప్రతి సినిమా గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది, ఉన్న వేగంలో సగం అక్కడే పోతుంది.

బొమ్మ వస్తోంది, శబ్దం రావడం లేదు.

ఆ ఫైలులో ఆడియో డీటీఎస్ అనే ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది. కొన్ని టీవీలకి అది తెలియదు. వేరే ఆడియో ట్రాక్ ఉంటే అది ఎంచుకోండి, లేదా సర్వర్‌ను ఆడియో మాత్రం మార్చమనండి. ఆడియో మార్చడం వీడియో మార్చినంత బరువు కాదు.

సబ్‌టైటిల్స్‌లో తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయి.

సబ్‌టైటిల్స్ ఉండే ఎస్ఆర్‌టీ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, అక్కడ తెలుగు సరిగ్గా కనిపిస్తే, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌తో మళ్లీ సేవ్ చేయండి. గుర్తుల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఆ ప్లేయర్‌లో తెలుగు ఫాంటు లేదని అర్థం. ప్లేయర్ మార్చి చూడండి.

ఇంకొకటి. డిస్కుల నుంచి వచ్చే కొన్ని సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, బొమ్మలు. టీవీకి అవి చూపించడం రాకపోతే సర్వర్ వాటిని వీడియోలోనే అచ్చువేసి పంపాలి, అంటే మళ్లీ ట్రాన్స్‌కోడింగ్. సబ్‌టైటిల్స్ పెట్టగానే సినిమా ఆగడం మొదలైతే ఇదే కారణం.

సినిమా ఒకటి, పోస్టర్ ఇంకొకటి వస్తోంది.

ఫైలు పేరు చూసే సర్వర్ వివరాలు వెతుక్కుంటుంది. ఒక్కో సినిమాకి ఒక్కో ఫోల్డర్ పెట్టి, సినిమా పేరు, పక్కన బ్రాకెట్లలో విడుదలైన సంవత్సరం రాయండి. ఒకే పేరుతో రెండు మూడు సినిమాలు ఉంటాయి కాబట్టి సంవత్సరం ముఖ్యం. సీరియళ్లకి సీజన్ నంబరు, ఎపిసోడ్ నంబరు పేరులో ఉండాలి. సినిమాలు, సీరియళ్లు, ఇంటి వీడియోలు మూడూ మూడు వేర్వేరు ఫోల్డర్లలో పెట్టండి. పెళ్లి వీడియోకి ఏదో సినిమా పోస్టర్ తగలకుండా ఉంటుంది.

ఫైళ్లు కాపీ చేసుకోవడానికి ఏం కావాలి?

ఎస్ఎంబీ అనే పద్ధతి. విండోస్‌లో ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి షేర్ చేయడమే. లినక్స్‌లో సాంబా అనే సాఫ్ట్‌వేర్ ఇదే పని చేస్తుంది. ఐఫోన్‌లో 2019లో వచ్చిన ఐఓఎస్ 13 నుంచి ఫైల్స్ యాప్‌లోనే కనెక్ట్ కావొచ్చు. ఆండ్రాయిడ్‌లో ఏదైనా మంచి ఫైల్ మేనేజర్ వాడండి. వీడియోలకైతే వీఎల్‌సీ చాలు.

ప్రతి మనిషికీ ఒక యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. పాస్‌వర్డ్ లేని షేర్‌లను కొత్త విండోస్ వెర్షన్లు చాలావరకు ఒప్పుకోవడం లేదు. పాత పరికరం కోసం ఎస్ఎంబీ 1 ఆన్ చేయమని ఎక్కడైనా సలహా కనిపిస్తే పాటించకండి. 2017లో వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది అందులోని లోపం పట్టుకునే.

ఒక టీబీ కాపీ చేయడానికి గిగాబిట్ కేబుల్ మీద రెండున్నర గంటలు పడుతుంది. 100 మెగాబిట్ల మీద ఒక రోజు దాటుతుంది. మొదటిసారి నింపేటప్పుడు డిస్క్‌ను నేరుగా సర్వర్‌కే తగిలించండి.

నిన్నటిదాకా కనిపించిన సర్వర్ ఇవాళ కనిపించడం లేదు.

రూటర్ దానికి కొత్త ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా నంబరు) ఇచ్చి ఉంటుంది. రూటర్ పేజీలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అని ఉంటుంది. అక్కడ సర్వర్‌కి ఒకే నంబరు స్థిరంగా కేటాయించండి. అప్పటికీ కనిపించకపోతే, ఫోన్ గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. గెస్ట్ నెట్‌వర్క్‌లో పరికరాలు ఒకదానికొకటి కనిపించవు. విండోస్ సర్వర్ అయితే నెట్‌వర్క్ 'పబ్లిక్' అని ఉందేమో చూసి 'ప్రైవేట్' చేయండి.

డిస్క్‌ను ఏ ఫార్మాట్‌లో పెట్టాలి?

విండోస్ అయితే ఎన్‌టీఎఫ్ఎస్, లినక్స్ అయితే ఈఎక్స్‌టీ4. ఫ్యాట్32 వద్దు, నాలుగు జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లో పడుతుంది కానీ కరెంటు పోయినప్పుడు అది మిగతావాటికన్నా సులభంగా చెడిపోతుంది.

రెండు డిస్కులతో రెయిడ్ పెట్టాను. ఇక బ్యాకప్ అక్కర్లేదు కదా?

కావాలి. ఈ పేజీలో ఏది వదిలేసినా ఇది మాత్రం చదవండి.

రెయిడ్ అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా నడిపే పద్ధతి. అందులో ఒక రకమైన రెయిడ్ 1లో రెండు డిస్కులూ క్షణక్షణం ఒకేలా ఉంటాయి. ఒక డిస్క్ చచ్చిపోతే రెండోది నడుస్తుంది, అది దాని బలం. కానీ మీరు ఒక ఫోల్డర్ చెరిపేస్తే అదే క్షణంలో రెండింట్లోనూ చెరిగిపోతుంది. వైరస్ ఫైళ్లకి తాళం వేస్తే రెండింట్లోనూ వేస్తుంది. నాకు ఇది అనుభవంలోకి వచ్చింది. చోటు ఖాళీ చేస్తూ, కాపీ అనుకుని ఒక ఫోల్డర్ తీసేశాను. అది కాపీ కాదు, అసలు. మా అమ్మ తన చిన్నప్పటి సంగతులు చెబుతుండగా నేను రికార్డు చేసిన ఆడియోలు అందులో ఉన్నాయి. రెండు డిస్కులూ చక్కగా, ఆరోగ్యంగా పనిచేస్తూనే ఉన్నాయి, ఆడియోలు మాత్రం లేవు. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు.

అప్పటినుంచి నేను సర్వర్‌లోని ఫైళ్లను రెండు రకాలుగా చూస్తాను: మళ్లీ దొరికేవి, మళ్లీ దొరకనివి. సినిమాలు మొదటి రకం. పోతే బాధే కానీ ఇంకోచోట దొరుకుతాయి. ఇంటి ఫోటోలు, వీడియోలు, గొంతులు, కాగితాలు రెండో రకం. సినిమాలకి నేను బ్యాకప్ తీయను, రెండో రకానికి మాత్రం మూడు కాపీలు ఉంచుతాను. ఒకటి సర్వర్‌లో, ఒకటి నెలకోసారి తగిలించి మళ్లీ తీసేసే బయటి డిస్క్‌లో, ఇంకొకటి వేరే ఇంట్లో. తగిలించి వదిలేసిన డిస్క్‌ను బ్యాకప్ అనుకోలేం. సర్వర్‌కి ఏమైనా అయితే దానికీ అదే అవుతుంది. విలువైనవి విడిగా తీసి పెడితే మొత్తం పరిమాణం మీరు అనుకున్నదానికన్నా చాలా తక్కువ ఉంటుంది. బ్యాకప్ భారం అనిపించకపోవడానికి అదే కారణం.

అప్పుడప్పుడూ బ్యాకప్ డిస్క్ నుంచి ఒక పాత ఫోటో తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్‌తో ప్రయోజనం లేదు.

ఫోన్‌లోని ఫోటోలు వాటంతట అవే సర్వర్‌లోకి చేరతాయా?

చేరతాయి. ఇమ్మిచ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇందుకోసమే ఉంది. ఆండ్రాయిడ్‌కి, ఐఫోన్‌కి యాప్‌లున్నాయి. ఇంటి వైఫైలోకి రాగానే కొత్త ఫోటోలు పైకి వెళ్తాయి, ముఖాలను బట్టి వెతకొచ్చు కూడా. సాఫ్ట్‌వేర్‌ను విడి డబ్బాలో పెట్టినట్టు నడిపే డాకర్‌తో పెట్టుకోవాలి కాబట్టి మొదటి వారమే కాదు, సర్వర్ అలవాటయ్యాక మొదలుపెట్టండి. సర్వర్‌లోకి చేరాయి కదా అని ఫోన్‌లోంచి తీసేయకండి, పై ప్రశ్నలో చెప్పిన బ్యాకప్ అయ్యాకే తీయండి.

ఇంటి బయట ఉన్నప్పుడు చూడొచ్చా?

చూడొచ్చు. రూటర్‌లో పోర్ట్ తెరిచి, అంటే బయటినుంచి సర్వర్‌కి నేరుగా దారి ఇచ్చి మాత్రం వద్దు. అలా తెరిస్తే మీ సర్వర్ లాగిన్ పేజీ ప్రపంచమంతటికీ కనిపిస్తుంది, బలహీనమైన పాస్‌వర్డ్ కోసం రోజంతా వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి. పైగా చాలా కనెక్షన్లలో పోర్ట్ తెరిచినా పనిచేయదు. సర్వీసు ఇచ్చేవాళ్లు ఒకే పబ్లిక్ అడ్రస్‌ను ఎన్నో ఇళ్లకి కలిపి వాడతారు. రూటర్ పేజీలో మీ బయటి అడ్రస్ 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీది అలాంటిదే.

టెయిల్‌స్కేల్ వాడండి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసే రహస్య దారి) మీద అది పనిచేస్తుంది. సర్వర్‌లో ఒకటి, ఫోన్‌లో ఒకటి ఇన్‌స్టాల్ చేసి ఒకే అకౌంట్‌తో లాగిన్ అయితే, ఎక్కడున్నా ఫోన్ ఇంట్లో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. చూసే వేగం మీ ఇంటి అప్‌లోడ్ వేగాన్ని బట్టి ఉంటుంది.

పిల్లలకి అన్నీ కనిపించకుండా చేయొచ్చా?

ప్రతి ఒక్కరికీ వేరే యూజర్ చేసి, ఏ లైబ్రరీలు కనిపించాలో టిక్ పెట్టండి. జెల్లీఫిన్‌లో వయసు రేటింగ్ పరిమితి కూడా ఉంది, కానీ రేటింగ్ వివరాలు లేని సినిమాలు ఉంటాయి కాబట్టి పిల్లల కోసం విడిగా ఒక ఫోల్డర్ పెట్టడమే నమ్మకమైన పద్ధతి.

నేను ఊళ్లో లేనప్పుడు సర్వర్ ఆగిపోతే?

ఒక కాగితం మీద రాసి సర్వర్‌కే అతికించండి: పవర్ బటన్ ఎక్కడుందో, ఎన్ని నిమిషాలు ఆగాలో, ఏ కేబుల్ తీయకూడదో. కంప్యూటర్ ఆన్ అవగానే ముందుగా తెరవగలిగే బయోస్ సెట్టింగ్స్‌లో, కరెంటు తిరిగి రాగానే దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటే పెట్టండి. బ్యాకప్ డిస్క్ ఎక్కడ దాచారో, ఫోటోలు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో, పాస్‌వర్డ్‌లు ఎక్కడ రాసిపెట్టారో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. చెప్పి ఊరుకోకుండా, ఒకసారి మీరు పక్కన కూర్చుని వాళ్ల చేతే ఆ డిస్క్ తెరిపించి ఒక ఫోటో బయటికి తీయించండి. మా ఇంట్లో ఆ పని చేసినప్పుడు, నేను రాసిన కాగితంలో డిస్క్‌కి ఉన్న పాస్‌వర్డ్ సంగతే లేదని తేలింది. ఆ సాయంత్రమే రాసి పెట్టాను.